పాత ఇన్నోవాకు కొత్త మోడల్ ముఖం: బానెట్ నుంచి బంపరు దాకా పూర్తి పద్ధతి

ఇంజను ఇంకా గట్టిగా ఉన్న ఇన్నోవాను అమ్మడానికి ఎవరికీ మనసొప్పదు. 2005 ఫిబ్రవరిలో క్వాలిస్ స్థానంలో వచ్చిన ఈ బండ్లు ఇప్పటికీ పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ తిరుగుతూనే ఉన్నాయి. కాకపోతే ముందువైపు హెడ్‌లైట్లు పసుపెక్కి, బంపరు క్లిప్పులు ఊడి, బానెట్ మీద రంగు పొరలుగా లేచిపోయి ఉంటుంది. ఎలాగూ అవన్నీ మార్చాలి కాబట్టి పాత డిజైన్‌వే ఎందుకు, 2013 తర్వాతి ముఖమే పెట్టేద్దాం అనుకునేవాళ్లు చాలామంది. మంచి ఆలోచనే, చేయదగ్గ పనే.

అయితే ఒక నియమం పెట్టుకోండి. బోల్టు విప్పి బోల్టు బిగిస్తే అయిపోయే పనైతేనే చేయాలి. గ్రైండర్‌తో రేకు కోయాలి, బ్రాకెట్ వెల్డింగ్ పెట్టాలి అని ఎవరైనా అన్నారంటే, ఆ పార్టు మీ బండిది కాదని అర్థం. కింద రాసిన పద్ధతంతా ఈ నియమం మీదే నడుస్తుంది.

ఏది పడుతుంది, ఏది పడదు

మన దేశంలో పాత తరం ఇన్నోవా ముఖం మూడుసార్లు మారింది. 2005లో వచ్చింది మొదటిది. 2009లో చిన్న మార్పులు జరిగాయి. 2012 జనవరిలో ముందుభాగం బాగా మారింది. 2013 అక్టోబరులో గ్రిల్, బంపరు మళ్లీ మారాయి. షెడ్లలో వీటినే టైప్ 1, 2, 3, 4 అంటారు. నాలుగింటికీ కింద ఛాసిస్ ఒకటే, బాడీ అస్థిపంజరం ఒకటే. అందుకే టైప్ 1 మీద టైప్ 4 ముఖం కూర్చుంటుంది.

2016 మేలో వచ్చిన కొత్త తరం ఇన్నోవా క్రిస్టా సంగతి వేరు. వీల్‌బేస్ రెండింటికీ 2750 మి.మీ. కావడంతో కొందరు మోసపోతారు. వెడల్పు చూస్తే పాత ఇన్నోవా 1765 మి.మీ., క్రిస్టా 1830. ఆ 65 మి.మీ. తేడాను సర్దాలంటే ఫెండర్లు (ముందు చక్రాల పైనుండే రేకులు) సాగదీయాలి, బ్రాకెట్లు కోయాలి, కిలోలకొద్దీ లప్పం పెట్టాలి. దూరం నుంచి ఫొటోలో బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి లప్పం పగిలి, సందుల్లో తుప్పు మొదలవుతుంది. పాత ఇన్నోవాకు క్రిస్టా ముఖం వద్దనే నా సలహా.

2012, 2013 ముఖాలు కూడా దగ్గరదగ్గరగా కనిపిస్తాయి కానీ ఒకదాని గ్రిల్, మరోదాని బంపరు కలపకండి. ఏదో ఒక సంవత్సరం ఎంచుకుని, అన్నీ దానివే కొనండి.

పని మొదలుపెట్టేముందు కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అదే మోడల్‌కు కంపెనీ చేసిన బానెట్, బంపరు వేసినంత మాత్రాన ఛాసిస్ నంబరు, ఇంజను, సీట్లు, బండి రకం ఏవీ మారవు. అయినా మీ ఆర్టీవో ఆఫీసులో ముందుగా అడిగి, చెప్పింది రాసి పెట్టుకోండి. రంగు మారుస్తున్నట్లయితే ఆర్సీలో నమోదు తప్పనిసరి. పాత రంగే ఉంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు. కొత్త ముఖం వచ్చింది కదా అని ముందు ఇనుప బుల్‌బార్ బిగించొద్దు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని నిషేధించింది.

ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఏయే పార్ట్స్ మార్చారో బిల్లులతో సహా మెయిల్ పెట్టండి. రేపు క్లెయిమ్ వస్తే, సర్వేయర్ 2006 ఆర్సీ చూసి 2014 బంపరు ఎక్కడిదని అడుగుతాడు. ఆ మెయిలే మీ జవాబు.

హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు ఉన్న బండైతే ఇంకో పని ఉంది. ఆ ప్లేటును పట్టి ఉంచే స్నాప్ లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు. కొత్త బంపరుకు ప్లేటు బిగించడానికి అధికారిక కేంద్రంలో ముందే మాట్లాడుకోండి. ప్లేటు లేకుండానో మామూలు స్క్రూలతోనో రోడ్డెక్కకండి.

పార్ట్స్ కొనడం: సగం పని ఇక్కడే

హెడ్‌లైట్ అనేది బానెట్, ఫెండర్, బంపరు మూడింటి మధ్య కూర్చునే వస్తువు. దాని ఆకారం మారిందంటే చుట్టూ ఉన్న మూడు అంచులూ మారినట్టే. బంపరు, లైట్లు కొంటే చాలు, మిగతాది సర్దేస్తాం అనే మాట నమ్మకండి. బానెట్, రెండు ఫెండర్లు, రెండు హెడ్‌లైట్లు, గ్రిల్, బంపరు, ఫాగ్ లైట్లు, వాటి చుట్టూ ఉండే కవర్లు, వీటన్నిటినీ ఒక సెట్‌గానే చూడాలి.

పైకి కనిపించని చిన్న సామాన్లు మరిచిపోతేనే అసలు టెన్షన్ మొదలవుతుంది. బంపరు చివరలను ఫెండరుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ రిటైనర్లు, గ్రిల్ పైన వచ్చే బ్రాకెట్, బంపరు లోపలి ఇనుప పట్టీ, దాని మీద ఉండే ఫోమ్, రేడియేటరుకు రెండు పక్కలా గాలిని మళ్లించే ప్లాస్టిక్ రెక్కలు, ఫెండర్ లోపల చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్లు, నొక్కితే బిగిసే పుష్ క్లిప్పులు అన్నీ జాబితాలో ఉండాలి. క్లిప్పులు మాత్రం కొత్తవే కొనండి, పాతవి విప్పేటప్పుడు సగం విరుగుతాయి.

ఎక్కడ దొరుకుతాయి? విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే సెకండ్‌హ్యాండ్ ఇన్నోవా ముఖం సెట్టుగానే దొరకవచ్చు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణీగంజ్ వైపు వెతకాలి. సెకండ్‌హ్యాండ్‌లో అన్నిటికన్నా మేలైనది ఒకే బండి నుంచి తీసిన సెట్. వెనకవైపు దెబ్బ తిని టోటల్ లాస్ (బాగుచేయడం గిట్టుబాటు కాదని ఇన్సూరెన్స్ తేల్చినది) అయిన బండిదైతే ముందుభాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. బిల్లు లేని సరుకు ఎంత చవకైనా వదిలేయండి. అది దొంగిలించిన బండిదైతే పోలీసులు ముందు మీ దగ్గరికే వస్తారు.

కొనేచోటే ఈ పరీక్షలు చేయండి.

బానెట్‌ను తిరగేసి లోపలి ఫ్రేమ్ అంచులు చూడండి. అంచు వెంబడి సీలెంట్ గీత ఫ్యాక్టరీలో వేసినట్టు సమానంగా ఉందా, చేత్తో పూసినట్టు ఉందా? అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకుని పైన అంతటా ఆనించి చూడండి. పట్టు తగ్గిన చోట లప్పం ఉంది.

బంపరు వెనక అచ్చు చూడండి. ఒరిజినల్ మీద పీపీ అనే గుర్తు ఉంటుంది, అంటే పాలీప్రొపిలీన్. చేత్తో వంచితే వంగి మళ్లీ సొంత ఆకారానికి వస్తుంది. ఫైబర్ కాపీ వంగదు, చిన్న దెబ్బకే పగులుతుంది.

హెడ్‌లైట్ వెనక చెవుల్లాంటి బిగింపు ట్యాబ్‌లు ఉంటాయి. అవి ఒక్కొక్కటీ పట్టుకుని చూడండి. సెకండ్‌హ్యాండ్ లైట్లలో ముందు విరిగేవి అవే, జిగురుతో అతికించినవి నాలుగు రోజులు కూడా ఆగవు.

షోరూమ్ నుంచి కొత్తవి తెప్పించుకుంటే, టయోటా పార్ట్ నంబరులో మొదటి ఐదు అంకెలు అది ఏ పార్టో చెబుతాయి: 53301 అంటే బానెట్, 52119 అంటే ముందు బంపరు, 81110 కుడి హెడ్‌లైట్, 81150 ఎడమది. ఆ తర్వాతి ఐదు అక్షరాలు ఏ మోడల్‌కో చెబుతాయి. కాబట్టి 52119 ఉంది కదా అని డబ్బు కట్టేయకండి. మీకు కావలసిన సంవత్సరపు బండి ఛాసిస్ నంబరుతో కౌంటర్‌లో సరిచూపించండి.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు అక్కడి నుంచి లైట్లు తెస్తామంటారు. బంపరు, గ్రిల్ అయితే సరే, హెడ్‌లైట్లు మాత్రం వద్దు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఆ లైట్ల వెలుగు కుడివైపు పైకి లేస్తుంది. మన రోడ్ల మీద అది నేరుగా ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. స్క్రూ తిప్పి సరిచేసేది కాదు, రిఫ్లెక్టర్ తయారీలోనే ఉన్న తేడా.

పాతది విప్పడం

నీడ ఉన్న చదునైన చోటు చూసుకోండి. 10, 12 నంబరు స్పానర్లు, సాకెట్లు, క్లిప్ తీసే ప్లాస్టిక్ పట్టీ, స్క్రూడ్రైవర్లు, మార్కర్ ఉంటే దాదాపు పనంతా అయిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్‌బ్యాగులున్న బండైతే ఆ తర్వాత కనీసం 90 సెకన్లు ఆగి గానీ ముందుభాగం వైర్ల జోలికి వెళ్లకండి.

వరుస ఇది: గ్రిల్, బంపరు, హెడ్‌లైట్లు, బానెట్, చివరగా ఫెండర్లు. బోల్టులు ఏ పార్టువి ఆ పార్టుకు విడిగా కవర్లలో వేసి పేరు రాయండి. బానెట్ విప్పేముందు కీలు చుట్టూ మార్కర్‌తో గీత గీయండి, కొత్తది మొదట అక్కడే పెడతారు. బానెట్ ఇద్దరు పట్టుకోవలసిన వస్తువు. వెనక మూలలు అద్దాన్ని కొట్టకుండా అక్కడ దళసరి తువ్వాలు పరవండి. పాత బానెట్ మీదున్న వాషర్ పైపు, నాజిళ్లు, రబ్బరు బీడింగు, లోపలి దుప్పటి జాగ్రత్తగా తీసి పెట్టుకోండి.

ఫెండర్ బోల్టులు ఒక్కచోట ఉండవు. బానెట్ కింద అంచు వెంబడి కొన్ని, ముందు తలుపు తెరిస్తే తలుపు కీళ్ల పక్కన కొన్ని, కింద ఫుట్‌బోర్డు దగ్గర, బంపరు వెనక ఇంకొన్ని ఉంటాయి. ఏదో ఒకటి మరిచిపోయి లాగితే రేకు వంగుతుంది.

ఫెండర్ ఊడగానే ఏళ్లనాటి మట్టి కనిపిస్తుంది. ముఖ్యంగా తలుపు కీళ్ల కింద, ఫుట్‌బోర్డు మొదట్లో గట్టిపడి ఉంటుంది, తేమంతా అక్కడే నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండైతే అక్కడ తుప్పు తప్పక ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన కావిటీ వ్యాక్స్ (సందుల్లో తేమ చేరనివ్వని మైనం) కొట్టండి. కొత్త ముఖం కన్నా ఈ గంట పనే బండి ఆయుష్షు పెంచుతుంది.

రంగు వేయకముందే మొత్తం బిగించి చూడటం

చాలా షెడ్లలో ఎగ్గొట్టేసే పని ఇది. పార్ట్స్ రాగానే రంగు వేసి, తర్వాత బిగిస్తారు. అప్పుడు గ్యాపు కుదరకపోతే కొత్త రంగు మీదే సుత్తి పడుతుంది. పెయింటరుతో బేరం చేసేటప్పుడే, ముందు బిగించి చూపించాలి, నేను సరే అన్నాకే రంగు అని స్పష్టంగా చెప్పండి. దానికి రెండు మూడు వందలు ఎక్కువ అడిగినా ఇవ్వండి.

ఇన్నోవా బాడీ, ఛాసిస్ ఫ్రేమ్ మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. ఏళ్ల తరబడి తిరిగిన బండిలో ఈ రబ్బర్లు అణిగిపోతాయి. ముందు వాటిని చూడండి. పగిలినవి, నలిగినవి ఉంటే మార్చాకే గ్యాపుల పని మొదలుపెట్టండి. తర్వాత మారిస్తే బాడీ కదిలి, పెట్టిన సెట్టింగ్ అంతా పోతుంది. బండి పూర్వం ముందు దెబ్బ తిన్నదైతే రేడియేటర్ సపోర్ట్ (రేడియేటరును పట్టి ఉంచే ముందు ఫ్రేమ్) వంకరగా ఉండవచ్చు. రెండువైపులా ఉన్న ఫెండర్ బిగింపు రంధ్రాల మధ్య, ఒక పక్క ముందు రంధ్రం నుంచి ఎదుటి పక్క వెనక రంధ్రానికి ఐమూలగా టేపుతో కొలవండి. రెండు ఐమూల కొలతలూ సమానంగా రాకపోతే ముందు ఆ వంకర తీయించాలి.

ఇప్పుడు ఫెండర్లతో మొదలుపెట్టండి. అన్ని బోల్టులూ వేలితో మాత్రమే ఎక్కించి, ఫెండర్ కొద్దిగా కదిలేలా ఉంచండి. ముందు తలుపుకీ ఫెండరుకీ మధ్య గ్యాపు ఎంత ఉండాలి అనడానికి పుస్తకం అక్కర్లేదు. ఎవరూ ముట్టుకోని చోట, ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉన్న గ్యాపే మీ కొలత. డ్రిల్ బిట్‌ల వెనక నున్నటి భాగం ఆ సందులో పెట్టి చూడండి. 4 మి.మీ. దూరి 5 దూరకపోతే, కొత్త ఫెండరుకు కూడా అదే బిట్ పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా జారాలి. తలుపు పక్క బోల్టు ముందు బిగించండి, తర్వాత కింది బోల్టు, చివర పైవి. బిగిస్తున్నప్పుడు ఫెండర్ లాగుతుంది కాబట్టి ప్రతి బోల్టు తర్వాత తలుపు తెరిచి మూసి చూడండి, అంచు తగిలితే రంగు లేస్తుంది.

తర్వాత బానెట్. లాక్ తీసేసి ఉంచి, కీళ్లు గీసిన గుర్తు దగ్గర కొంచెం వదులుగా బిగించి, మెల్లగా దించండి. ముందు వెనకలు కీలు దగ్గర, ఎత్తు వెనకవైపు కీలు బోల్టుల దగ్గర, ముందువైపు ఎత్తు రబ్బరు స్టాపర్లు తిప్పి సరిచేయాలి. రెండు పక్కలా ఫెండర్లతో సందు సమానంగా వచ్చాకే లాక్ బిగించండి. లాక్‌తో బానెట్‌ను పక్కకు లాగి గ్యాపు కుదిర్చేవాళ్లు ఉన్నారు, అది తప్పు. అలా చేస్తే లాక్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండి, ఒకరోజు పట్టు వదులుతుంది.

హెడ్‌లైట్లు పెట్టి, బానెట్ మూసి, లైటు పై అంచుకీ బానెట్‌కీ మధ్య సందు రెండువైపులా చూడండి. ఆపైన బంపరు లోపలి ఇనుప పట్టీ, ఫోమ్, రిటైనర్లు, బంపరు, గ్రిల్. ఇనుప పట్టీ కొత్త బంపరుకు అడ్డొస్తోందని కోసేస్తామంటే ఒప్పుకోవద్దు. గుద్దుకున్నప్పుడు దెబ్బను పంచేది అదే. అడ్డు రావడమంటే కొత్త సంవత్సరపు పట్టీ కొనలేదని అర్థం. ఇలా బిగించిన బంపరును ఒక రాత్రి అలాగే వదిలేయండి. మడిచి పార్సిల్‌లో వచ్చిన ప్లాస్టిక్ తన ఆకారానికి వస్తుంది. పొద్దున్నే మళ్లీ అన్ని సందులూ చూసి, ఫొటోలు తీసుకుని, అప్పుడు రంగుకు పంపండి.

లైట్లు, వైరింగ్

పాత ప్లగ్గు కొత్త లైటుకు దూరిందని సంబరపడకుండా టెస్ట్ లాంప్‌తో ప్రతి పిన్నూ చూడండి. మూడు పిన్నుల హెచ్4 బల్బులో డిమ్, బ్రైట్ ఒకే బల్బులో ఉంటాయి. రెండూ వేర్వేరు బల్బులుగా ఉన్న లైటుకైతే మధ్యలో మార్పిడి కనెక్టర్ కావాలి. కొన్ని టయోటా బండ్లలో స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్త్ వైపు పనిచేస్తుంది. కామన్ వైరే ఎర్త్ అనుకుని వెళ్తే ఫ్యూజ్ పోతుంది. అసలు వైరింగును కోసి మెలిపెట్టి టేపు చుట్టొద్దు, కనెక్టర్లతోనే కలపండి. రేపు పాత ముఖం తిరిగి పెట్టాలన్నా సులువు.

ఫాగ్ లైట్లు కొత్తగా వస్తుంటే 55 వాట్లవి రెండు అంటే 110 వాట్లు, 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు దాటుతుంది. దాన్ని స్విచ్ గుండా పంపకూడదు. బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజ్, అక్కడి నుంచి 2.5 చదరపు మి.మీ. వైరు, రిలేలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) 30వ పిన్నుకు వచ్చి 87 నుంచి లైట్లకు వెళ్లాలి. 85, 86 పిన్నులు స్విచ్‌కీ ఎర్త్‌కీ. ముందు ఫ్యూజ్ లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే బండే తగలబడుతుంది, ఇక్కడ పొదుపు వద్దు.

ఫోకస్ సెట్ చేయడానికి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిలపండి. లైటు మధ్యభాగం ఎత్తును గోడ మీద గీసి, డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకు 5 సెం.మీ. కిందికి వచ్చేలా స్క్రూ తిప్పండి. ఈ ఒక శాతం వాలు చాలా బండ్లకు సరిపోతుంది. హాలోజెన్ లైట్లలో ఎల్ఈడీ బల్బులు పెట్టొద్దు. రిఫ్లెక్టర్ వాటికోసం చేసింది కాదు కాబట్టి వెలుగు చెదిరిపోయి, మీకు రోడ్డు కనిపించక, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

పెయింట్

ఇంజను గదిలోని ప్లేటు మీద రంగు కోడ్ ఉంటుంది. 040 అంటే సూపర్ వైట్, కలపడం సులువు. సిల్వర్ అయితే కష్టం. గన్ ఒత్తిడి మారితే అందులోని మెరుపు రేణువులు పడుకునే తీరు మారి, అదే డబ్బాలోంచి తీసిన రంగు వేరుగా కనిపిస్తుంది. ఎండకు వెలిసిన బండిలో కోడ్ ప్రకారం కలిపినా తలుపుకీ ఫెండరుకీ తేడా వస్తుంది. అందుకే ముందుగా ఒక రేకు ముక్క మీద రంగు, దాని పైన క్లియర్ (మెరుపునిచ్చే పారదర్శక పూత) కొట్టించి, తలుపు పక్కన పెట్టి ఎండలో చూడండి. సిల్వర్‌కైతే ముందు తలుపుల మీదకి కొంచెం పల్చగా లాగిస్తేనే అతుకు తెలియదు.

కొత్త రేకు పార్టులపై నల్లగానో బూడిద రంగులోనో ఉండేది ఫ్యాక్టరీ ప్రైమర్. దాన్ని గీకేయొద్దు, 320 నుంచి 400 నంబరు కాగితంతో పైపైన రుద్దితే చాలు. దాని మీద సర్ఫేసర్ (రంగు కింద నున్నగా చేసే పూత), తర్వాత 600 దాటిన కాగితం, రంగు, క్లియర్. బంపరుకు మాత్రం మొదట ప్లాస్టిక్ ప్రైమర్ పడకపోతే రంగు ఏడాది తిరగకముందే పొరలుగా లేస్తుంది. మీరే రంగు కొట్టాలనుకుంటే, హార్డెనర్ కలిపి కొట్టే 2కె క్లియర్‌లోని ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు ప్రమాదం. దుమ్ము మాస్కు సరిపోదు, స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే పెయింటరుకు ఇవ్వండి.

చివరి బిగింపు, పరీక్ష

రంగు పూర్తిగా గట్టిపడ్డాక, రంగుకు ముందు బిగించి చూసిన వరుసలోనే బిగించండి. గ్రిల్ వెనక గాలి రెక్కలు పెట్టకుండా వదిలేస్తే, మే నెల ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గి, ఇంజను వేడెక్కుతుంది. తాళం తీసే కేబుల్ లాగి, బానెట్ కొద్దిగా లేచి రెండో కొక్కెం మీద ఆగుతోందా చూడండి. ఆ కొక్కెం నొక్కకుండా రెండు చేతులతో పైకి లాగినా అది వదలకూడదు. ఒక్కసారి వదిలినా బండిని రోడ్డెక్కించకండి, వేగంలో గాలికి బానెట్ లేచి అద్దం మీద పడుతుంది.

ఆ తర్వాత ఊళ్లో మెల్లగా తిప్పి, గతుకుల మీద చప్పుళ్లు విని, అప్పుడు హైవేకు. వాన పడిన రోజు లైట్ల లోపల తేమ చేరుతోందా చూడండి. 500 కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించి చూడండి.

వెనకవైపు టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు పైన వచ్చే గార్నిష్ (అలంకార పట్టీ), బంపరు మార్చడం ఇంత పెద్ద పని కాదు. అక్కడ కూడా ప్లగ్గులు సరిచూసుకుని, ఇండికేటర్ మామూలు వేగంతోనే కొడుతోందా, బ్రేక్ లైట్లు రెండూ వెలుగుతున్నాయా చూసుకుంటే సరిపోతుంది.

పాత పార్ట్స్‌లో బాగున్నవి అమ్మేయండి. అన్ని బిల్లులూ ముందు, తర్వాత తీసిన ఫొటోలతో ఒక ఫైల్లో పెట్టండి. బండి అమ్మే రోజున ఆ ఫైల్ కొనేవారి చేతికిచ్చి, ఇది ఆర్సీలో ఉన్న సంవత్సరపు బండే, ముఖం మాత్రం 2013ది అని ముందే చెప్పండి. అదే మాట మీరు సెకండ్‌హ్యాండ్ ఇన్నోవా కొనేటప్పుడు అమ్మేవారిని అడగండి, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలిపి చూసుకోండి.